అట్టముక్క పెట్టిన బల్ల

డ్రాయింగ్ మాస్టారు సామాన్ల గదిలో బోర్లా పడి ఉన్నారు. తల వెనక దెబ్బ. పక్కనే బరువైన ఇత్తడి వృత్తలేఖిని. ఊపిరి ఆడుతోంది. అదొక్కటే అదృష్టం.

అంబులెన్స్ వెళ్ళాక ఇన్‌స్పెక్టర్ విచారణ మొదలుపెట్టింది.

దాడి జరిగింది నాలుగింటికీ నాలుగున్నరకీ మధ్య. అప్పుడు డ్రాయింగ్ స్కూల్లో ఉన్నది ఇద్దరే. ఒకరు మాస్టారి కోడలు. కొత్తగా చేరిన పిల్లలకు రేఖాగణితం చెబుతుంది. రెండోవాడు ఆయన తమ్ముడి కొడుకు. ఆఫీసు పనులు చూస్తాడు.

ముందు క్లాసు గదిలో కోడలు.

"పొద్దున మామగారితో గొడవపడ్డారట?"

"పడ్డాను. ఇత్తడి పరికరాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. తాళాలు మార్చమన్నాను. వినలేదు."

"నాలుగింటికి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. బోర్డు మీద పాఠం రాస్తున్నాను."

"చూసినవాళ్ళు?"

"గోడలు."

కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "ఈవిడే మేడం. అరెస్టు చేసేద్దాం."

"ఆగు."

తర్వాత డ్రాయింగ్ హాల్లో కుర్రాడు.

"నాలుగింటికి నువ్వెక్కడ?"

"ఇక్కడే మేడం. ఇదిగో, ఈ కొత్త బల్ల. నేల ఎగుడుదిగుడు కదా, అటూ ఇటూ ఊగి ప్రాణం తీసింది. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది." నిట్టూర్చాడు. "పెదనాన్నకి వదినంటే ప్రాణం. అలాంటి మనిషిని..."

హాల్లో ఉన్నది ఆ ఒక్క బల్లే. పిల్లలు చూసి బొమ్మ గీయడానికని దానిమీద కప్పిన నీలం గుడ్డ నేలమీద జీరాడుతోంది. గుడ్డ అంచు కింద అట్టముక్క కొన కనిపిస్తోంది.

"అట్ట ఉంది మేడం," అన్నాడు కానిస్టేబుల్. "అబ్బాయి చెప్పింది నిజమే."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెన్సిల్ పెట్టింది. అది దొర్లి కిందపడింది.

తిరిగి క్లాసు గదికి వెళ్ళింది. బోర్డు మీద సుద్ద ఇంకా తాజాగా ఉంది.

రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ. ఒకే రేఖపై లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలం.

"ఈ రెండోది పిల్లలకెలా చెబుతారు?"

కోడలు తెల్లబోయింది. "మూడుకాళ్ళ పీట చూపిస్తాను. నేల ఎలా ఉన్నా మూడు కాళ్ళూ ఆనతాయి. నాలుగో కాలు వస్తేనే పేచీ."

ఇన్‌స్పెక్టర్ ఆమెను వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చి, గుడ్డ లాగేసింది.

బల్లకి మూడే కాళ్ళు.

కుర్రాడు వంగి కాళ్ళు లెక్కపెట్టాడు.

"ఇది ఊగే బల్ల కాదు. నీ అట్టముక్కతోనే ఒకపక్కకి వాలింది. మేం వచ్చేలోపు గుడ్డ కింద చెయ్యి పెట్టావు. తగిలిన కాలి కింద అట్ట తోశావు. బల్లన్నాక నాలుగు కాళ్ళుంటాయనుకున్నావు. ఆ మూలనున్న నీ బ్యాగు ఇలా తీసుకురా."

అడుగున రెండు ఇత్తడి కోణమానినులు.

"పెదనాన్న ఆ వేళప్పుడు సామాన్ల గదికి వస్తాడనుకోలేదు," అన్నాడు. గొంతులో జంకు లేదు. "ఆయన చెబితే కదా మీకు సాక్ష్యం!"

కానిస్టేబుల్ ఫోన్ మోగింది. విని, ఇబ్బందిగా చూశాడు.

"ఆసుపత్రి నుంచి మేడం. మాస్టారికి తెలివొచ్చింది. ఎవరు కొట్టారంటే... కాలు జారి పడ్డానంటున్నారట. 'మా వాడికి చెప్పండి, భయపడొద్దని' అన్నారట."

కుర్రాడు ఉన్నచోటే కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నేనే కొట్టాను," అన్నాడు. "రాసుకోండి మేడం."