సున్నా పాయింట్ల జంట

"నలభై మూడా!"

అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన టెస్టర్ అమ్మాయి మొదటి వారంలోనే అతను రాసిన ప్రోగ్రాంలో నలభై మూడు తప్పులు పట్టి, ఒక్కోదానికీ దిద్దమని ఒక్కో ఫిర్యాదు టికెట్ పెట్టింది.

"ఒక్క బటన్ మీద ఆరు టికెట్లేంటండీ? మీరు టెస్టరా, భూతద్దమా?"

"తప్పు పట్టుకుంటే నాకో పాయింటు, దిద్దితే మీకో పాయింటు. మీకూ లాభమేగా?" అని కనుబొమలెగరేసింది.

ఆ కనుబొమల సంగతి పక్కన పెడితే, ఆమె చెప్పింది నిజమే. అందరి పాయింట్లూ గోడ మీది స్క్రీన్‌లో కనిపిస్తాయి. నెల తిరక్కుండానే వీళ్లిద్దరూ పైకెక్కి కూర్చున్నారు. మేనేజర్ మురిసిపోయాడు. ఆ ప్రోగ్రాం వాడే ఆసుపత్రి నర్సులు మాత్రం రోజూ ఫోన్ చేసి చీవాట్లు పెడుతూనే ఉన్నారు.

ఒక సాయంత్రం వాన. గొడుగు ఆమెది, బస్టాపు దాకా నడక ఇద్దరిదీ.

"రేపు మీరు రాయబోయే మందుల పేజీలో, ఒకే పేరున్న పేషెంట్లు ఇద్దరుంటే ఎలా?" అని అడిగింది.

అతను నీళ్లలోనే ఆగిపోయాడు. ఆ ఆలోచనే తట్టలేదు తనకి.

ఆనాటి నుంచి రాయకముందే మాట్లాడుకోవడం అలవాటైంది. టీ దగ్గర, మెట్ల మీద, మళ్లీ టీ దగ్గర. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఆమె అంటే ప్రాణమని అతనికి తెలిసిపోయింది, చెప్పే ధైర్యమే చాల్లేదు. ఇక తప్పులే లేకపోతే పట్టేదేముంది, దిద్దేదేముంది? ఇద్దరి పాయింట్లూ సున్నాకి దిగాయి. నర్సుల ఫోన్లూ ఆగిపోయాయి. కానీ రాని ఫోన్లకి స్క్రీన్ మీద గడి లేదు.

మేనేజర్ ఇద్దర్నీ పిలిచాడు. "ఏమైంది మీకు? చక్కగా పోట్లాడుకునేవాళ్లు! ఇలాగైతే శుక్రవారం ఒకర్ని వేరే టీమ్‌కి పంపక తప్పదు."

బయటికి రాగానే అతను గొంతు తగ్గించాడు. "కావాలనే ఓ పది తప్పులు పెట్టేస్తా. నువ్వు పట్టెయ్. ఇద్దరం ఇక్కడే ఉంటాం."

"నర్సులు వాడేదాంట్లోనా? బుద్ధుందా నీకు?"

అంతే, మూడు రోజులు మాటల్లేవు. తను పక్కనున్నా లేకపోయినా ఆమెకి ఒకటేనేమోనని అతను లోలోపల కుమిలిపోయాడు.

శుక్రవారం అతనే ముందు నోరు విప్పాడు. "సార్, పాయింట్లు పడిపోయింది తను ముందే అడిగి తప్పులు ఆపబట్టి. నర్సుల ఫోనొచ్చి ఎన్నాళ్లయిందో చూడండి. పంపితే నన్ను పంపండి. తను ఇక్కడ ఉండాలి."

మేనేజర్ ఫోన్ తీసి చూశాడు. రెండు నెలలు. కాసేపు బుర్ర గోక్కుని, వెళ్లి గోడ మీది స్క్రీన్ ప్లగ్గు పీకేశాడు.

"ఎవర్నీ పంపను. వెళ్లి పని చూసుకోండి."

"లేదు సార్, నన్ను పంపండి," అందామె.

అతను గిర్రున ఆమె వైపు తిరిగాడు. "ఇంకా కోపం పోలేదా?"

"ఇందాకే, నన్ను ఉంచమన్నప్పుడే పోయింది." ఆమె చూపు నేల మీదికి దిగింది. "భర్త రాసిన ప్రోగ్రాంని భార్య టెస్ట్ చేయకూడదని కంపెనీ రూలుంది. ఆదివారం మా నాన్న ఇంట్లోనే ఉంటారు. వచ్చి నువ్వడుగుతావా, నన్నే అడగమంటావా?"

అతను గబగబా తలూపాడు.

"వస్తాడమ్మా," అన్నాడు మేనేజర్. "నేను తీసుకొస్తాగా."