తోక మొలిచిన వాక్యం

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తారా? అలాగే ఉంచండి. కథ అయ్యేసరికి ఆ చెయ్యి దానంతటదే దిగుతుంది. దిగకపోతే నేను కథలు చెప్పడమే మానేస్తాను.

నేనెవరనుకున్నారు? దెయ్యాల సీరియళ్ళు రాసి ఊళ్ళకు ఊళ్ళకే నిద్ర లేకుండా చేసినవాణ్ణి. నా కథ చదివి ఒక పోలీసాయన స్టేషన్లో లైట్లన్నీ వేసుకుని పడుకున్నాడు. మీరు నవ్వండి, ఆయన మాత్రం నవ్వలేదు. కథల్లో నేను చంపినవాళ్ళందరినీ తెచ్చి నిలబెడితే ఈ వీధి చాలదు. అలాంటి నేను మిట్టమధ్యాహ్నం, నా సొంత గదిలో, నా సొంత గొంతు విని వణికిపోయాను.

అప్పటికి నా వేళ్ళు వాచి కలం పట్టనివ్వడం లేదు. వారపత్రిక ఎడిటరేమో కాగితాలు వద్దు, ఫైలు పంపండన్నాడు. సరిగ్గా అప్పుడు దిగాడు మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, కంప్యూటర్లు బాగుచేసే షాపు వాడిది.

"బావా, నువ్వు టైపు కొట్టే స్పీడుకి నీ దెయ్యానికే ముసలితనం వచ్చేస్తుంది. నోటితో చెప్పు, అదే రాసుకుంటుంది" అన్నాడు.

టేబుల్ మీద మైకు పెట్టాడు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాడు. నేను చెబుతుంటే తెర మీద అక్షరాలు పడతాయి. "చుక్క" అంటే వాక్యం ఆగుతుంది. "కొట్టెయ్" అంటే చివరి వాక్యం మాయమవుతుంది. పక్కింటి టీవీ, మా ఆవిడ కేకలు కథలో దూరకుండా, నా గొంతు తప్ప ఇంకేదీ వినకుండా దాన్ని కట్టడి చేశాడు. నా గొంతు దానికి అలవాటయ్యేదాకా నా పాత నవలలన్నీ పైకి చదివాను. చదువుతుంటే మైకు వణికింది. ఒట్టు.

ఇక తోకలు. అది పూర్తిగా నా బుర్రే. కొన్ని మాటల వెనక ఒక తోక ఉంటేనే చదివేవాడి ఒళ్ళు జలదరిస్తుంది. నేను "తలుపు తెరుచుకుంది" అన్నానా, యంత్రం తనంతట తనే "అవతల ఎవరూ లేరు" అని తగిలించాలి. "నవ్వింది" అంటే "పెదవులు కదల్లేదు". "తిరిగొచ్చాడు" అంటే "కానీ పూర్తిగా కాదు". బావమరిది ఇవన్నీ ఎక్కిస్తూ తల పట్టుకున్నాడు.

"బావా, రేపు నువ్వు 'పాలవాడు తిరిగొచ్చాడు' అన్నా ఇది వదలదు, చూసుకో."

"వదలకూడదనేరా! పాలవాడికి కూడా భయం పుట్టించకపోతే నేనెందుకు?"

ఆ మధ్యాహ్నం వాన పట్టింది. గదిలో చీకటి కమ్మింది. తడిసిన సున్నం వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. వంటింట్లో మా ఆవిడ గిన్నెలు తోముకుంటోంది. వాడు కిటికీ పక్క కుర్చీలో, మెత్త మీద బాసింపట్టు వేసుకుని ఏదో తీగ చుడుతున్నాడు. నేను ధారాళంగా చెప్పీ చెప్పీ గొంతెండి, ఒక్క క్షణం ఆగి, నోటినిండా నీళ్ళు పట్టాను.

తెర మీద అక్షరాలు పడుతున్నాయి.

*వాన పడుతోంది. ముసలాయన నీళ్ళు తాగుతున్నాడు. ఆయన బావమరిది కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.*

నీళ్ళు మింగాను. "ఒరేయ్... ఇది వేరేవాళ్ళ మాట కూడా వింటోందిరా."

వాడు తల తిప్పి తెర చూశాడు. వాడి ముఖంలో ఎగతాళి పోయింది. గొంతు తగ్గించాడు.

"వినదు బావా. నీ గొంతు తప్ప ఇంకేదీ వినదు."

"నేను మాట్లాడలేదురా. నోట్లో నీళ్ళున్నాయి..."

"చూశాను" అన్నాడు.

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకున్నాను. వాన హోరు... దాని అడుగున నా గొంతు. ఇప్పటి బొంగురు గొంతు కాదు, వయసులో ఉన్నప్పటిది. తీరిగ్గా, మెత్తగా చెబుతోంది.

"వాడికి గొంతు లేదు. చుక్క."

బావమరిది నోరు తెరిచాడు. పెదవులు 'బావా' అన్నాయి. శబ్దం లేదు. గొంతు పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరుస్తున్నాడు... గదిలో వాన తప్ప ఏమీ వినపడలేదు.

ఇంకొకడైతే అక్కడే మూర్ఛపోయేవాడు. నేను మైకు మీదికి వంగి గర్జించాను. "కొట్టెయ్!"

తెర మీద పడ్డ ఆ వాక్యం పోయింది. "బావా!" అన్న కేక గదంతా మోగింది.

"చూశావా? యముడొచ్చినా నా మాటే వినాలి!" అన్నాను. వాడు లేవబోయాడు.

"వాడికి కాళ్ళు రావు. చుక్క" అంది హెడ్‌ఫోన్లో గొంతు.

లేవలేకపోయాడు. "కొట్టెయ్!" అన్నాను.

"వాడికి చూపు లేదు. చుక్క."

"కొట్టెయ్!"

"వాడికి ఊపిరి లేదు. చుక్క."

వాడి ముఖం నల్లబడింది. చేతులు నా వైపు చాచాడు. కొట్టెయ్, కొట్టెయ్, కొట్టెయ్... ఎన్నిసార్లన్నానో తెలియదు. ఆగేసరికి తెర మీద చివరగా మిగిలింది ముసలాయన నీళ్ళు తాగుతున్నాడన్న వాక్యమే.

ఊపిరి లేదన్న వాక్యం పోయింది. దాని ముందు కుర్చీలో కూర్చున్నాడన్న వాక్యమూ పోయింది.

కుర్చీలో ఎవరూ లేరు. వాడు చుట్టిన తీగ నేల మీద పడి, మెల్లగా విప్పుకుంటోంది.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ఏమండీ, తమ్ముడికి టీ పెట్టనా? ఉంటాడా, వెళ్ళిపోయాడా?"

చీర కుచ్చిళ్ళకు చేతులు తుడుచుకుంటూ వస్తోంది. ఆవిడ పెంచిన తమ్ముడు. అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. హెడ్‌ఫోన్లో ఆ గొంతు ఆగిపోయింది... ఇక నా వంతు అన్నట్టు.

మైకు నోటికానించుకుని చెప్పేశాను. "నా బావమరిది తిరిగొచ్చాడు. చుక్క."

అక్షరాలు పడ్డాయి. వాటి వెనక తోక మొలిచింది.

*నా బావమరిది తిరిగొచ్చాడు, కానీ పూర్తిగా కాదు.*

తల తిప్పాను. వాడు కుర్చీలో ఉన్నాడు. కానీ వాడి కింద మెత్త నొక్కుకోలేదు.

నేను ఆ తోక చెరిపాను. మళ్ళీ మొలిచింది. మళ్ళీ చెరిపాను... మళ్ళీ మొలిచింది. మొత్తం వాక్యం కొట్టేద్దామంటే వాడే ఉండడు. తోకలు ఆపడం తెలిసినవాడు వాడొక్కడే.

"ఒరేయ్... ఇది తీసెయ్యరా, నీకు దండం పెడతాను" అన్నాను రహస్యంగా.

వాడు లేచొచ్చాడు. నేల మీద అడుగు చప్పుడు లేదు. తెర మీది వాక్యాన్ని చాలాసేపు చదువుకున్నాడు.

"బాగుంది బావా. ముట్టుకోకు."

మా ఆవిడ టీ తెచ్చి చేతికిచ్చింది. మీగడ కట్టేదాకా పట్టుకునే కూర్చున్నాడు. ఆవిడ వాడి నుదురు తాకింది. చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని నావైపు చూసింది. ఆ చూపు తర్వాత ఆవిడ ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

ఏమైనా వాణ్ణి వెనక్కి తెచ్చింది నేను! ఇంకే రచయితకైనా చేతనవుతుందా? వాడు రోజూ షాపు తెరుస్తాడు, కంప్యూటర్లు బాగుచేస్తాడు, అడిగితే జవాబిస్తాడు. నేను మైకు తీగ కత్తిరించి ఆ గదికి తాళం వేశాను. అందులో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

అయినా వాడి చొక్కాలు పొడుగైపోతున్నాయి. చొక్కా భుజాలు జారుతున్నాయి, చొక్కా చేతులు వాడి వేళ్ళను దాటిపోతున్నాయి. మా వీధి దర్జీ కొలత తీసిన ప్రతిసారీ కిందటిసారి కంటే తక్కువ వస్తోంది. "ఇది చిక్కిపోవడం కాదండీ, మనిషే తగ్గుతున్నాడు. ఎవరో అక్కడక్కడా తీసేస్తున్నట్టు..." అన్నాడాయన నా చెవిలో.

మొన్న నేనూ కొత్త చొక్కా కుట్టించుకుందామని వెళ్ళాను. నా భుజాల మీద టేపు పెట్టాడు. కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. అంకె పైకి చదవకుండా టేపు చుట్టేసి, బట్ట నాకు తిరిగిచ్చేశాడు.

ఇంకా ఎవరి చెయ్యైనా పైకే ఉందా? నా మాట వద్దు. వెళ్ళి ఆ దర్జీనే అడగండి. వీధి చివర అద్దాల తలుపుల కొట్టు, టేపు మామ అంటే ఎవరైనా చూపిస్తారు.