చిల్లులు పూడ్చిన పతకాలు

ఆ ఆదివారం పొద్దున వాచీల మెకానిక్ గారికి మనసు ఒకచోట నిలవడం లేదు. చూపు మందగించి దుకాణం మూసేసి రెండేళ్లయింది. అలాంటిది, భార్య తన అక్కగారింటికి వెళ్లిన పది రోజుల్లో పదకొండు పతకాలు బాగుచేసి, అద్దాల పెట్టెలో వరసగా పేర్చేసి, ఏమీ ఎరగనట్టు టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు.

అవి రాజుగారి పట్టాభిషేకానికి పాతికేళ్లూ యాభయ్యేళ్లూ నిండినప్పుడు వేసిన పతకాలు. అయితే సర్కారు వేయించినవి కావు. బట్టల దుకాణాలవాళ్లూ, బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్లూ, స్కూళ్లవాళ్లూ ఎవరికి వాళ్లు ఇత్తడి మీద అచ్చేయించి పిల్లలకు పంచిపెట్టినవి. ఒకదాంట్లో రాజుగారి ముక్కు వంకాయంత ఉంటే, ఇంకోదాంట్లో మీసమే గల్లంతు. ఆయన భార్య టీచరుగా రిటైరైంది. ముప్పై ఏళ్లుగా ఇలాంటివే ఏరికోరి కొంటోంది. సర్కారీ పతకం ఊరికే ఇస్తానన్నా వద్దంటుంది. మర్నాడు లైబ్రరీ హాల్లో వాటి ప్రదర్శన. ఆవిడ జీవితంలో అదే మొదటిది.

ఊరినుంచి వచ్చీరాగానే ఆవిడ పెట్టె తెరిచింది. తెరిచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"చిల్లులేవండీ?"

"కనిపించట్లేదు కదూ!" అన్నాడాయన మురిసిపోతూ. "టంకం పెట్టి, ఆకురాయితో నున్నగా అరగదీశాను. ఎవరో బుద్ధిలేనివాళ్లు మేకుతో పొడిచి తగలేశారు. రేపు నలుగురూ చూస్తారు కదా అని..."

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఆయనకి కంగారు పుట్టింది. వంటింట్లోంచి కూతురు వచ్చి పెట్టెలోకి చూసింది.

"ఎంత పని చేశావు నాన్నా! అమ్మ వాటిని కొనేదే ఆ చిల్లుల కోసం."

"చిల్లుల కోసం ఎవరైనా కొంటారుటే?"

"నేను కొంటాను," అంది భార్య. "సర్కారు పతకాలకి కొక్కెం, రిబ్బను అన్నీ ఉంటాయి. వీటికేం లేవు. ఇంట్లో తల్లో తండ్రో మేకూ సుత్తీ తీసుకుని చిల్లు పొడిచి, దారం కట్టి పిల్ల మెడలో వేసుంటారు. రాజుగారి మొహం అందరి దగ్గరా ఒకటే. ఆ చిల్లు మాత్రం ఏ ఇంటికి ఆ ఇంటిదే. నేను దాచుకుంది వాటినండీ."

"ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా చెప్పావా?"

"ఒక్కసారైనా అడిగారా? ఇత్తడి ముక్కలని నవ్వడం తప్ప?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆయన కప్పు పక్కన పెట్టేశాడు.

"నవ్వాననే చేశాను," అన్నాడు. "చూపు ఆనక ఒక్కోదానికి ఒక పూట పట్టింది. ఇన్నేళ్లూ నువ్వొక్కదానివే వాటితో కూర్చున్నావు. నా చెయ్యి కూడా వాటిమీద పడాలనిపించింది."

ఆవిడ ఆయన చెయ్యి అందుకుని తిప్పి చూసింది. రెండు వేళ్ల మీద బొబ్బలు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మందు తేవే," అంది కూతురితో.

"మళ్లీ చిల్లులు పొడిచేయనా?"

"ఊరుకోండి. అవి ఆ ఇళ్లవాళ్లు పొడిచినవి. మీరు పొడిస్తే అవెలా అవుతాయి?"

పదకొండూ తీసి పక్కన పెట్టేస్తుందనుకున్నాడు. పెట్టలేదు.

మర్నాడు హాల్లో బ్యాంకులో రిటైరైన ఒక పతకాల పిచ్చాయన భూతద్దంతో వంగి చూసి నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, ఎవరు మేడమ్ చిల్లులకి ఇలా టంకం పెట్టి నాశనం చేసింది?"

మెకానిక్ గారు తల వంచుకుని మెల్లగా స్తంభం చాటుకు తప్పుకున్నాడు. భార్య గొంతు మాత్రం అక్కడికీ వినబడింది.

"నాశనం కాదండీ. ఆ చిల్లులు పొడిచినవాళ్లెవరో నాకు తెలియదు. ముప్పై ఏళ్లు ఊహించుకుంటూనే గడిపాను. పూడ్చినాయన మాత్రం మా ఇంటాయనే. ఏమండీ, అక్కడేం చేస్తున్నారు? ఇలా వచ్చి ఎలా చేశారో వీరికి చెప్పండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆవిడ పక్కకు వచ్చి నిలబడ్డాడు.