నట్టు మీద పసుపు చుక్క

శనివారం పొద్దుగాల ఏసోబు చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్ళ అదే గ్లాసు పట్టుకొని వంటింట్లకు వచ్చిండు.

"చాయ పొయ్యి," అన్నడు.

"ఇప్పుడే తాగితివి గద," అన్నది జానమ్మ.

"తాగిన్నా?"

"తాగినవు. రెండు బిస్కిట్లు గూడ తిన్నవు."

ఏసోబు గ్లాసు దిక్కు జరసేపు చూసి, తాగిన్నేమోలే అనుకుంట బయటికి పోయిండు.

ఆరు నెల్ల సంది నార్కట్‌పల్లిల ఆ ఇల్లు గిట్లనే ఉన్నది. ఎవలూ ఏడ్వరు, ఎవలూ కొట్లాడుకోరు. రోజూ సాయంత్రం ఏడింటికి షాద్‌నగర్ నుంచి బిడ్డ ఎస్తేరు ఫోన్ చేస్తది. తిన్నవా అంటె తిన్న అంటది. తల్లి తోటే మాట్లాడుతది. పక్కకే కుర్చీల ఏసోబు టీవీ సప్పుడు బందువెట్టి, బొమ్మలు చూసుకుంట కూసుంటడు. ఫోన్ పెట్టేసినంక సప్పుడు పెట్టుడు మర్చిపోతడు.

దీనికంతటికి కారణం వాకిట్ల నీలం తాట్‌పత్రి కింద ఉన్నది. ఎర్రది, రెండే తలుపులు, కప్పు నడుముల దాకనే వస్తది. ఇరవయ్యేండ్ల పాత స్పోర్ట్స్ కారు. ఎస్తేరు ఫ్యాక్టరీల మిషన్ల మీద పనిచేసుకుంట, తన జీతం తోటి ముచ్చటపడి కొనుక్కున్నది. మొన్నటి ఈస్టర్ పండుగకు దాన్లనే వచ్చింది. చర్చి కాడి ఎత్తు మీద ఇంజను మొత్తుకుంటది గని బండి కదలలె. కాలిన వాసన. చర్చికొచ్చిన నలభై మంది నూకిండ్రు. ముప్పై ఐదేండ్లు బస్సు డిపోల మెకానిక్ చేసిన ఏసోబు ఆ నలభై మంది ముంగట్నే అన్నడు: "క్లచ్ మీదికెల్లి కాలు తీసుడు రాదు, దీనికి స్పోర్ట్స్ కారు గావాలె. తొక్కి తొక్కి క్లచ్ మొత్తం తిన్నది."

అందరు నవ్విండ్రు. ఎస్తేరు తాళంచెవి తల్లి చేతుల పెట్టి బస్సెక్కింది. ఆనాటి సంది ఇంటికి రాలె.

మొన్న ఫోన్ల తల్లికి చెప్పింది. "కారు అమ్ముతున్న అమ్మ. నా తోటి పనిచేసే దివాకర్ తీసుకుంటడట. ఆదివారం వచ్చి తోల్కపోతడు. కొత్త క్లచ్ సామాన్ పంపిస్త, ఎవలితోనన్న ఏయించుండ్రి. సంతకానికి శనివారం వస్త."

"ఎవలో ఎందుకు, నేనే ఏస్త," అన్నడు ఏసోబు, టీవీ దిక్కే చూసుకుంట.

జానమ్మకు మాత్రం బెంగ పట్టింది. ఆ కారు గీడ ఉన్నదాకనన్న బిడ్డ ఒకనాడు వస్తదని ఉండె. అది పోతె ఇగ ఎందుకొస్తది?

ఎనిమిదింటికి జానమ్మ తమ్ముడు జానీ వచ్చిండు. హైవే మీద చాయ హోటల్ ఆయనది. వచ్చుడు వచ్చుడే ఫ్లాస్కులకెల్లి గ్లాసుల చాయ పోసి, బావ చూడకుంట చెంచెడు ఉప్పు కలిపి చేతికిచ్చిండు. చిన్నప్పటి సంది ఆయన పనే అది. బావ ఉమ్మేస్తడు, తిడుతడు, తను నవ్వుతడు.

ఏసోబు అడుగుదాక తాగి గ్లాసు కింద పెట్టిండు. "పా, పని చూద్దాం."

జానీ నవ్వు మూతి మీదనే ఆగింది. అక్క దిక్కు చూసిండు. అక్క మొఖం తిప్పుకున్నది.

జాకీ పెట్టి కారు లేపిండ్రు, నాలుగు దిక్కుల కర్ర దుంగలు పెట్టిండ్రు. "బావా, నా పొట్ట బయటనే ఉంటది, మిగిలిన నేను లోపటికొస్త," అన్నడు జానీ. ఏసోబు నవ్వలె. పానా అందియ్యమన్నడు.

క్లచ్ కేబులు కొస లివరు కాడ ఊడొస్తలేదు. బిర్రుగున్నది. స్క్రూడ్రైవర్ తోటి ఎత్తి గుంజిండు, టప్పున ఊడింది. ఎందుకంత బిర్రున్నదని ఆయన ఆలోచించలె. ఆరు నెల్ల సంది ఆయన దేని గురించీ ఆలోచిస్తలేడు. బోల్టులు ఇప్పి, గేర్‌బాక్సు మెల్లగ పాత టైరు మీదికి దించిండు. పన్నెండు గొట్టంగ క్లచ్ ప్లేటు బయటికొచ్చింది. నల్లగ మాడి, రివిట్లు తేలి ఉన్నది.

అప్పుడే గేటు సప్పుడైంది. ఎస్తేరు భుజానికి సంచి తోటి వాకిట్ల నిలవడ్డది.

"చిక్కినవు బిడ్డా," అన్నది జానమ్మ.

"తింటున్ననే అమ్మ. కాయిదాలు ఎక్కడున్నయి?"

"వస్తె వచ్చినవు, మామకు నమస్తె లేదు," అన్నడు జానీ. "షాద్‌నగర్‌ల నమస్తెలు గూడ కిరాయికిస్తున్నరా?"

"నమస్తె మామ."

ఏసోబు ప్లేటు ఎత్తి చూపిచ్చిండు. బిడ్డకు కాదు, గోడకు చూపిచ్చినట్టు. "ఇగో. రివిట్ల దాక పోయింది. కాలు తియ్యకపోతె గిట్లనే అయితది."

ఎస్తేరు సంచి కింద పెట్టింది. గొంతు లేపలె.

"కేబులు చూసినవా బాపు?"

"కేబులుకేమైంది?"

"చూడు."

"చూసేదేమున్నది? నలభై బస్సుల క్లచ్‌లు..."

"నలభై బస్సులు కాదు బాపు. గీ ఒక్క కారు చూడు."

ఏసోబు మళ్ళ కిందికి దూరిండు. బ్యాటరీ లైటు కొట్టిండు. కేబులు బిగించే నట్టు మీద పసుపు రంగు చుక్క ఉన్నది. మిరప గింజంత.

డిపోల ఎవలు నట్టు బిగిస్తె వాళ్ళు తమ రంగు చుక్క పెట్టాలె. రేపు ఏమన్నయితె ఎవల చెయ్యో తెలవాలని. ఏసోబుది పసుపు. రిటైరయినంక గూడ ఇంట్ల గ్యాసు పొయ్యి బిగించినా చుక్క పెడుతడు.

పోయిన క్రిస్మస్ యాదికొచ్చింది. ఎస్తేరు కొత్తగ కారు తెచ్చింది. ఆయన ఎక్కి కూసొని పెడల్ తొక్కిండు. బస్సు పెడల్‌కు అలవాటైన కాలుకు అది వదులు కొట్టింది. గీ వదులేందని కేబులు బిర్రుగ బిగించి, చుక్క పెట్టిండు. ఏలెడు వదులు ఉండాల్సిన కాడ పిసరంత గూడ ఉంచలె. గట్లుంటె రాత్రింబగళ్ళు ఎవలో క్లచ్ మీద కాలు పెట్టి తొక్కుతున్నట్టే లెక్క. అరిగిపోతది.

ఆ కాలు ఆయనదే.

చుక్క ఎక్కడా పగులలె. ఎవలూ పానా పెట్టలె.

కారు కింద ఎంతసేపున్నడో. జానీ ఒంగి, "బావా, నిద్రవోయినవా?" అన్నడు. చివరికి ఏసోబు బయటికొచ్చి మన్నుల్నే కూసున్నడు.

"నీకెప్పుడు ఎరుకైంది బిడ్డా?"

"ఈస్టర్ కంటె ముంగటనే. వాసన వస్తుంటె కిందికి చూసిన."

"మరి వదులు చేసుకోకపోతివా?"

"నీ చుక్క ఉండె గద. ఇప్పితె పగులుతది. నువ్వు బిగించింది నేను ఇప్పిన్నని నీకు తెలుస్తది. పండుగకు వచ్చినప్పుడు నీకే చూపెట్టి నీతోనే చేపిద్దామనుకున్న. ఇల్లు చేరకముందే ఆగిపోయింది."

"గప్పుడన్న చెప్పొద్దా నాకు?"

ఎస్తేరు గోరు తోటి సంచి దారం పీకింది. "నలభై మంది ముంగట మా బాపుదే తప్పని చెప్పాలెనా?"

హైవే మీద లారీ హారన్ కొట్టుకుంట పోయింది. ఏసోబు చేతులు చూసుకున్నడు. మసి పట్టిన ఏళ్ళు. మన్ను తీసుకొని రుద్దిండు, మసి పోలె.

"రేపు ప్రార్థన అయినంక అందరి ముంగట చెప్త," అన్నడు.

"వద్దు బాపు."

"అందరి ముంగటనే అన్న గద."

ఎస్తేరు బట్టలు మార్చుకొని వచ్చి, కారు కింద తండ్రి పక్కకు పండుకున్నది. కొత్త ప్లేటు నడిమిట్ల నిలుపుతందుకు సరైన కడ్డీ దొరకలె. జానీ వంటింట్లకెల్లి చపాతి కర్ర ఎత్తుకొచ్చి, కొసకు టేపు చుట్టి ఇచ్చిండు.

"ఓరి నీ బుద్ధి కాల, రేపు దేంతోటి చెయ్యాలెరా చపాతీలు?" అన్నది జానమ్మ.

"సీసా తోటి చెయ్యే. కారు గూడ చుట్టమే గద, జర దానికి గూడ పెట్టు."

నాలుగింటికి గేర్‌బాక్సు ఎక్కింది. కేబులు కాడికొచ్చేసరికి ఏసోబు పానా బిడ్డకిచ్చిండు. ఎస్తేరు బిగించింది, పెడల్ తొక్కి చూసింది, మళ్ళ జర వదిలింది. ఏలెడు. ఏసోబు చెయ్యి పెట్టి చూసిండు. లోపటికి పోయి రంగు డబ్బా, పుల్ల తెచ్చిండు.

"నువ్వే పెట్టు బాపు."

"నేనెట్ల పెడుత? బిగించినోల్లే పెట్టాలె."

ఎస్తేరు పుల్ల ముంచి, పాత చుక్క పగిలిన జాగల కొత్త చుక్క పెట్టింది. పెట్టి అట్లనే ఉన్నది, లేవలె. భుజాలు కదులుతున్నయి. ఏసోబు మసి చెయ్యి ఆమె తల మీద పెట్టబోయి, ఖరాబైతదని ఆపిండు. ఎస్తేరే ఆ చెయ్యి గుంజి పెట్టుకున్నది.

కాసేపయినంక ముక్కు తుడుసుకొని, "మామ, దివాకర్‌కు ఇప్పుడు ఏమని చెప్పాలె?" అన్నది.

"పిల్ల అత్తగారింటికి పోనంటున్నదని చెప్పు," అన్నడు జానీ, కారు మీద తట్టి.

అందరికి చాయ పోసిండు. ఏసోబు ఒక్క గుక్క నోట్ల పోసుకొని తుపుక్కున ఉమ్మిండు.

"ఏందిరా ఇది, ఉప్పు," అన్నడు.

జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గడప మీద కూలవడ్డది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో జానీకి తెల్వలె.

"పొద్దుగాలది గూడ ఉప్పే బావా," అన్నడు మెల్లగ.

"పొద్దుగాల నాకు చాయ ఎవలిచ్చిండ్రు?" అన్నడు ఏసోబు.