బల్ల నడుమ వెలుగు

ఆ ఉదయం టిఫిన్లు అయ్యేసరికి ఎలక్ట్రీషియన్ భోజనాల గదిలో నిచ్చెన వేసుకుని నిలబడ్డాడు. కొత్త ఫాల్స్ సీలింగ్‌లోకి ఒదిగిపోయే లైట్లు. ఒకసారి రంధ్రం కోశాక జరపడం కుదరదు, ఎక్కడెక్కడో ఇప్పుడే తేల్చుకోమన్నాడు. కోడలు ముందే అనుకుని పెట్టుకుంది. కుర్చీకొకటి చొప్పున, సరిగ్గా తలల మీద, ఆరు. అతను పెన్సిల్‌తో ఆరు సున్నాలు చుట్టాడు.

"అక్కడ వద్దమ్మా. బల్లకి నడిమధ్యన పెట్టించు," అంది అత్తగారు.

ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసింది. గొంతు వినే మనిషిని పోల్చుకునేది. అలాంటి చెవులు రెండేళ్లుగా కొద్దికొద్దిగా మూతపడుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. పెదవులు చూసి మాట పట్టుకోవడం తనంతట తానే నేర్చుకుంది. కిందటేడు హాల్లో ఇలాగే తలల మీద లైట్లు పెట్టించారు. వాటి కింద కూర్చున్నవాళ్ల ముక్కు నీడ పెదవుల మీద పడి, మాట చీకట్లో కలిసిపోయేది. వాళ్లు నవ్వినప్పుడల్లా తనూ నవ్వి, కాసేపటికి లేచి వెళ్లిపోయేది. క్రమంగా హాల్లోకి రావడమే మానేసింది. ఇక మిగిలింది ఈ బల్ల ఒక్కటే.

మధ్యలో పెడితే అన్నీ ఒకచోట గుమిగూడినట్టుంటాయని కోడలు నచ్చజెప్పబోయింది. అప్పటికే పైకి చూస్తున్న అత్తగారు వెనక్కి తిరగనైనా లేదు. కోడలి మొహం చిన్నబోయింది. అది చూసి కొడుకు వచ్చి కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"హాల్లోకి రావు. మాతో నాలుగు మాటలు మాట్లాడవు. ఏదడిగినా పొంతన లేని జవాబు చెప్తావు. లైట్లు మాత్రం నీకు నచ్చినచోటే ఉండాలా అమ్మా?"

వెలుతురు వెనకనుంచి రావడంతో అతని ముఖం నల్లగా ఉంది. చివరి అమ్మా అన్న పిలుపు తప్ప ఆవిడకేదీ అందలేదు.

"తాగాన్రా, ఇందాకే కాఫీ తాగాను," అంది.

కొడుకూ కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ల చూపులు చూశాక తప్పు చెప్పానని ఆవిడకు తెలిసింది. కుర్చీ పట్టుకుని కూర్చుంది.

"నాకు వినపడటం లేదురా. మీ ముఖాల మీద వెలుగుంటే ఎలాగో సర్దుకుంటున్నాను. అదీ పోతే, ఇంతమందిలో ఉండీ నేనొక్కదాన్నే అయిపోతాను."

కోడలు కళ్లు తుడుచుకుంటూ సున్నాలు చెరిపేయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పింది. అతను బల్ల నడుమకు సరిగ్గా పైన మూడు గుర్తులు పెట్టి, ఒక లైటును వైరుకు తగిలించి వెలిగించి అక్కడ పట్టుకున్నాడు. కొడుకు తల్లికి ఎదురుగా, ఆ వెలుగు తన ముఖం మీద పడేలా కూర్చుని ఏదో అన్నాడు.

"మళ్లీ చెప్పు," అంది ఆవిడ.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"నాకోసం గట్టిగా మాట్లాడీ మాట్లాడీ, విసిగి మానేస్తారని."

"నేను ముందే మానేశాను కదమ్మా." అతని తల వాలిపోయింది.

ఆవిడ చెయ్యి చాచి కొడుకు గడ్డం మెల్లగా పైకెత్తింది.

"తల దించకు నాన్నా. దించితే నీ మాట నాకు అందదు."