మెరవని పీట

"ఈ పీట ఎక్కడ వాడతారు, ఐలీ?" చెక్కపని నేర్పే రౌని టీచర్ అడిగారు.

"ఇంట్లో," అంది ఐలి. చూపంతా పక్క బల్ల మీదే ఉంది. అక్కడ తన క్లాసు పిల్లాడు ఏరో చేసిన పెట్టె వార్నిష్‌తో తళతళలాడుతోంది.

"ఇంట్లో అంటే ఏ గదిలో? దాన్నిబట్టే కదా ఏం పూయాలో చెప్పేది!"

"గదిలోనే, టీచర్! వార్నిష్ ఇవ్వండి. బడి ఎగ్జిబిషన్లో మెరవాలి."

"గదిలోనే అయితే సరే," అంటూ టీచర్ డబ్బా అందించారు.

నిజానికి ఆ పీట అమ్మమ్మ కోసం. ప్రతి శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, మెట్లలా ఉన్న బల్లల మీద కూర్చుంటారు. పొయ్యి మీద కాలిన రాళ్లపై నీళ్లు పోస్తే ఆవిరంతా పై బల్ల దగ్గరికే చేరుతుంది. మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ ఈ చలికాలమంతా కింది బల్ల మీదే ఉండిపోయింది. "ఇక్కడ కూర్చుంటే సౌనా చేసినట్టే లేదు," అని ఒకటే సణుగుడు. పీట ఉంటే పైకి ఎక్కగలదు.

శనివారం వచ్చింది. అమ్మమ్మ సంబరంగా పీట మీద కాలు పెట్టింది.

"అబ్బా!"

గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. వేడికి వార్నిష్ మెత్తబడి, అరికాలికి చురుక్కుమని అంటుకుంది.

"సౌనాలో వార్నిష్ ఏమిటే పిల్లా?" అంది అమ్మ. "టీచర్ చెప్పలేదూ?"

"అడిగారు. నేనే సరిగ్గా చెప్పలేదు."

"పోనీలేవే, నాకు కిందే బాగుంది," అంది అమ్మమ్మ. బాగోలేదని ఐలికి తెలుసు. ఏడుపొచ్చేసింది.

ఆదివారం నుంచి గరుకు కాగితంతో పీటను రుద్దుతూనే ఉంది. వేళ్లు కందిపోయాయి. బుధవారానికి వార్నిష్ మొత్తం పోయి, ఉత్త చెక్క మిగిలింది.

గురువారం దాన్ని టీచర్ ముందు పెట్టింది.

"ఇది సౌనాలో ఉంటుంది, టీచర్. అమ్మమ్మ తడి కాళ్లతో ఎక్కుతుంది. ఏం పూయాలి?"

"ఇప్పుడు చెప్పావు!" టీచర్ నవ్వి, పారఫిన్ నూనె, పాత గుడ్డ ఇచ్చారు. "పల్చగా పుయ్యి. కాసేపాగి, పైన మిగిలింది తుడిచెయ్యి. చెక్కలోకి ఇంకిపోతుంది, పైన పొర కట్టదు."

"మెరుస్తుందా?"

"మెరవదు."

ఐలి ఒక్క నిట్టూర్పు విడిచి గుడ్డ అందుకుంది.

శనివారం ఉదయం ఎగ్జిబిషన్. ఏరో పెట్టె చుట్టూ జనమే జనం. దాని పక్కన ఐలి పేరున్న చీటీ ఉంది, పీట లేదు. పెట్టిన వస్తువులు ఆదివారం దాకా అక్కడే ఉంచాలట.

"నీ పీటేదే?" అన్నాడు ఏరో.

"ఇవాళ శనివారం కదా. అమ్మమ్మకి కావాలి."

సాయంత్రం సౌనా బాగా వేడెక్కాక, ఐలి ముందు తన కాలు పీట మీద పెట్టి చూసింది. చురుక్కుమనలేదు, అంటుకోలేదు. అప్పుడు అమ్మమ్మకి చెయ్యి అందించింది.

"హమ్మయ్య!" పై బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది అమ్మమ్మ. "చూస్తావేమిటే? నీళ్లు పొయ్యి!"

ఐలి గరిటె నిండా ముంచి రాళ్ల మీద పోసింది.