ముత్తవ్వ అరచేయి

ఆ ఉదయం ఇంట్లో అందరికంటే ముందు లేచింది పిడుగే. ఇంటి వెనకున్న కొలిమిలో బొగ్గులు ఎగదోసి నిప్పు రాజేసింది. అత్తవారింటి నుంచి వచ్చి రెండు రోజులైనా ఎడమ దవడ వాపు తగ్గలేదు.

పిడుగన్న పేరు ముత్తవ్వ పెట్టింది. ఆవిడ పోయి నెల కూడా కాలేదు. బతికున్నంత కాలం గుమ్మం పక్కన స్టూలేసుకుని, సుత్తి చప్పుడు విని, "ఇనుము చల్లారిపోయింది, ఎవర్రా ఆ చచ్చు దెబ్బ కొట్టేది?" అని కేకలేసేది. మొగుడు జ్వరంతో పోతే, అయిదేళ్ల కొడుకుతో ఒంటరిగా ఈ కొలిమిని నిలబెట్టిందని ఊరంతా చెప్పుకునేవాళ్లు.

తండ్రి వచ్చాడు. కూతురి మొహంలోకి చూడకుండానే, "టీ తాగి బట్టలు సర్దుకో. అల్లుడొస్తున్నాడు" అన్నాడు.

"నేను వెళ్లను నాన్నా."

"మొగుడూ పెళ్లాలన్నాక సవాలక్ష ఉంటాయి. మా నాయనమ్మ పరువుగా బతికిన ఇల్లిది. నువ్వొచ్చి ఇక్కడ కూర్చుంటే నలుగురికీ ఏం చెప్పను?"

ఇంతలో మోటార్‌సైకిల్ ఆగింది. అల్లుడు నవ్వుతూ లోపలికి వచ్చాడు. "ఏదో చెయ్యి జారింది మామయ్యా. పద, పోదాం."

"రాను" అంది పిడుగు.

ఆ నవ్వు చెరిగిపోయింది. జుట్టు చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజి తోశాడు. పిడుగు నుదురు ఇనుము పెట్టి కొట్టే దాగలి అంచుకు కొట్టుకుంది. కనుబొమ చీలి రక్తం బూడిదలోకి కారింది.

తండ్రి కొయ్యబారిపోయాడు. 'చెయ్యి జారింది' అని అల్లుడు చెప్పిన ప్రతిసారీ నమ్మాడు. ఆ చెయ్యి ఎలా జారుతుందో ఇప్పుడు కళ్లారా చూశాడు.

అల్లుడి మెడ పట్టి గోడకేసి బాదాడు. మూతి మీద గుద్దితే పళ్లు కదిలి నోరంతా రక్తమైంది. అల్లుడు చేతికందిన పట్టుకారుతో మామ భుజం మీద కొట్టాడు. తండ్రి అతని కడుపులో తన్ని కింద పడేసి, గుండెల మీద కాలు పెట్టి, రెండు చేతులా సమ్మెట ఎత్తాడు.

"దించరా!"

గుమ్మంలో తాత, ముత్తవ్వ కన్న ఒక్కగానొక్క కొడుకు, నిలబడి ఉన్నాడు.

"వీణ్ణి చంపేస్తా నాన్నా!"

"మా అమ్మా ఇలాగే ఎత్తిందిరా. మా నాన్న మీద."

తండ్రి చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఆయన జ్వరంతో చావలేదు. అమ్మ అరచేతి మీది మచ్చ పనిలో కాలిందని కదూ మీరంతా అనుకున్నారు? కూరలో ఉప్పెక్కువైందని, ఎర్రగా కాలిన కడ్డీ మీద ఆ చెయ్యి నొక్కిపెట్టింది ఆయనే. ఆ కాలిన చేత్తోనే సమ్మెట ఎత్తింది. నేను కెవ్వున అరిచాను. నన్ను చూసి దించేసింది. తలుపు తీసి, 'పో, మళ్లీ కనపడితే ఈసారి ఆగను' అంది. తర్వాత ఎవరడిగినా 'పోయాడు' అనేది. అబద్ధం కాదుగా, పోయాడు! జ్వరం సంగతి జనమే కల్పించుకున్నారు."

తండ్రి సమ్మెట నేల మీద పెట్టాడు. అల్లుణ్ణి చొక్కా పట్టి వీధిలోకి ఈడ్చి, "పో" అన్నాడు. అతను మూతి తుడుచుకుంటూ, తిట్టుకుంటూ పోయాడు.

వెనక్కొచ్చి కూతురి పక్కన చతికిలబడ్డాడు. తడిగుడ్డ నుదుటికి అద్దాడు. "ముందు వచ్చినప్పుడు కూడా నేనే వెనక్కి పంపాను కదమ్మా... ఇది తెలిసుంటే నాయనమ్మ నన్నేమనేదో!"

"ముత్తవ్వకి తెలుసు నాన్నా. దెబ్బలు చూపిస్తే ఆ చేత్తో నిమిరింది."

"ఏమంది?"

"'మీ నాన్న మొండాడు. కానీ నేను పెంచినోడే. కళ్లారా చూసిన రోజున వాడు ఊరుకోడు' అంది."

తండ్రి కూతురి ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.